వచ్చి చెప్పి వెళ్ళమన్నారు

మా ఏలూరు వాళ్ళ మాట మెత్తన అని పై ఊళ్ళవాళ్ళు మెచ్చుకుంటారు. నిజమే. మా దగ్గర మనిషిని గెంటేసినా ‘కాస్త బయటికి దయచెయ్యండి’ అనే గెంటుతారు. ఆ మెత్తదనం మీద నాకు గౌరవం పోయి చాలా కాలమైంది. నా జీవితంలో జరిగిన అతి పెద్ద అన్యాయం, ఎవరూ గొంతెత్తకుండా, ఎవరూ ఒక్క పరుషమైన మాట అనకుండా జరిగింది. అది చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఇన్నేళ్ళూ దాచుకున్నాను. ఇలా దాచుకోవడం కూడా అదే రకం మర్యాద అని ఈమధ్య అనిపిస్తోంది. ఇక దాచను.

అది ముప్ఫయిల దశకం. నేను ఏలూరులో ఒక తివాచీల కార్ఖానాలో నమూనా చదివే మేస్త్రీని. పెద్ద మగ్గం ముందు బల్ల మీద నేతగాళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు. నేను వాళ్ళ వెనక నిలబడి, గళ్ళ కాగితం మీద రంగులు వేసిన నమూనా చూస్తూ, ఏ ముడి ఏ రంగులో వెయ్యాలో రాగం తీసి చెబుతాను. “ముదురెరుపు రెండు, పక్కన నీలం, మళ్ళీ ఎరుపూ” అని నేనంటే, “వేశామండీ” అని వాళ్ళంటారు. అడ్డంగా ఒక వరస ముడులన్నీ పడ్డాకే పేక దారం దూర్చి, ఇనప దువ్వెనతో దిగ్గొడతారు. బల్ల మీద నుంచి ఒకడు లేస్తే ఆ వరస నిలిచిపోతుంది. నేను ఆగితే మగ్గమే నిలిచిపోతుంది. ఆ సంగతి నాకు చాలా గర్వంగా ఉండేది. వీధిలో పోయేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి నా గొంతు వినేవారు. వాళ్ళు ఆగారని తెలిసి నేను ఇంకాస్త సాగదీసేవాణ్ణి.

బల్ల మీద కిటికీ వైపు చివర కూర్చునేవాడు కొల్లేటికోట మనిషి. చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. వలలు అల్లిన వేళ్ళు కావడంతో మా పని తొందరగానే పట్టుబడింది గానీ, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఒక వానాకాలం అతని తమ్ముడు కొల్లేరు మీద దోనెలో వచ్చి, గట్టున దిగి ఏలూరు దాకా నడిచి, తడిసిన బట్టలతో తిన్నగా మగ్గం దగ్గరికి దూసుకొచ్చాడు. “అన్నా, అమ్మని పాము కరిచిందిరా” అన్నాడు. ఇతను చేతిలో ఉన్ని అలాగే వదిలేసి పరిగెత్తాడు. ఆ గొడవలో నేను చదువుతున్న చోటు తప్పాను. తప్పానన్న సంగతి కూడా తెలుసుకోకుండా, పక్కవాణ్ణి జరిపి, చదువుతూనే పోయాను. మర్నాడు చూస్తే అంచు మీద పైకి పాకాల్సిన తీగ పక్కకి ఒరిగి ఉంది. జానెడు మేర ముడులు విప్పాల్సి వచ్చింది.

మా యజమాని కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ ఎవరినీ కోప్పడిన మనిషి కాదు. “ఇలా అయితే ఎలాగండి మేస్త్రీ గారూ? మీరే ఏదో ఒక ఏర్పాటు ఆలోచించండి” అన్నారు.

నేను ఆలోచించాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆలోచించడానికి ఒక రాత్రి కూడా పట్టలేదు. ఇంటి దగ్గర్నుంచి కబురు తెచ్చినవాళ్ళు గేటు బయటే ఆగాలి. కబురు కాపలావాడికి చెబితే, అతను యజమానికి చెబుతాడు. మగ్గం ఆగే వేళకి యజమాని ఆ మనిషిని పిలిచి సంగతి చెబుతారు. ఇక ఎవరికి సెలవు కావలసినా, ఆయన ఎదుట నిలబడి, తన నోటితో తానే చెప్పుకుని వెళ్ళాలి. ఇంకొకరి చేత చెప్పించడం కుదరదు. ఇదీ నా ఏర్పాటు. ఒక మనిషి తల్లికో బిడ్డకో ప్రాణం మీదికి వస్తే, ఆ సంగతి అతని కంటే ముందు అతనికి జీతమిచ్చేవాడికి తెలియాలన్నమాట! ఇది అన్యాయమని నాకప్పుడు తోచలేదు. యజమాని “భేషుగ్గా ఉందండి” అంటే పొంగిపోయాను.

కొల్లేటికోట మనిషి కొన్నాళ్ళకి తిరిగొచ్చి తన చోట కూర్చున్నాడు.

“మీ అమ్మకి ఎలా ఉందయ్యా?” అన్నాను.

“మా అమ్మ కోలుకుందండి మేస్త్రీ గారూ. మీ తీగే ఇంకా కోలుకోలేదని విన్నాను.”

బల్లంతా నవ్వింది. నేను నవ్వలేదు. కొత్త పద్ధతి అందరికీ వినిపించి, నమూనా చేతిలోకి తీసుకున్నాను. ఆ తర్వాత ఆ గేటు దగ్గర ఎవరెవరు ఎంతసేపు పడిగాపులు పడ్డారో నాకు తెలియదు. చదివేటప్పుడు నేను కిటికీ వైపు తిరిగేవాణ్ణి కాదు.

నా భార్య తొలి కాన్పుకి తాడేపల్లిగూడెం పుట్టింటికి వెళ్ళింది. మా మామగారు అక్కడ ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవారు. తిత్తి, బొగ్గులు, తగరం సంచిలో వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ, అటు గణపవరం దాకా నడిచేవారు. మనిషి బక్కపలచనైనా గొంతు మాత్రం గొప్పది. “కళాయండీ... కళాయి!” అని ఆయన వీధి మొదట్లో కేక వేస్తే, చివరింటి ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవారు. ఏలూరులో తగరం కొనడానికి వచ్చినప్పుడల్లా నన్ను కార్ఖానా దగ్గర పలకరించి పోవడం ఆయనకి అలవాటు.

కాన్పుకి ఇంకా వ్యవధి ఉందనుకుంటూ ఉన్నాం. అనుకోకుండా ఒక తెల్లవారుజామున నొప్పులు వచ్చాయట. మంత్రసాని చేయి పెట్టి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఇది నా వల్ల కాదు అందట. అత్తగారూ మామగారూ ఆమెని పొద్దుటి రైల్లో పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఆపరేషన్ చెయ్యకపోతే ఇద్దరూ దక్కరు, భర్త వచ్చి ఒప్పుకుంటే కత్తి పట్టుకుంటాను అన్నారు. భర్త ఎక్కడో దూరదేశంలో లేడు. ఆసుపత్రి ముందు కాలవ, కాలవ మీద వంతెన, వంతెన దాటి రెండు వీధులు తిరిగితే మా కార్ఖానా. మామగారు ఆ దూరం పరుగున వచ్చారు. కాపలావాడు ఆయన్ని గేటు దగ్గర ఆపి, పద్ధతి చెప్పి, కబురు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నేను చదువుతున్నాను. ఓడెక్కి ఇంగ్లండు సీమకి వెళ్ళాల్సిన పెద్ద తివాచీ అది. మగ్గం నుంచి కోసే రోజు దగ్గరపడింది. కొల్లేటికోట మనిషి కిటికీలోంచి బయటికి చూసి, చేతులు ఆపకుండానే అన్నాడు.

“మేస్త్రీ గారండీ, గేటు దగ్గర మీ మామగారిలా ఉన్నారు.”

“వరసలో కబుర్లేంటయ్యా? ఎరుపు ఒకటి, పచ్చ రెండూ...”

“వేశానండి. ఆయనేనండి. మెట్టు మీద కూర్చున్నారు.”

“కూర్చోనీ. తగరం కోసం వచ్చి ఉంటారు. నీలం.”

“నీలం వేశాను. ఇంకెవరి మామగారైనా అయితే నేనే లేచి వెళ్ళి అడిగేవాణ్ణండి. మీ మామగారు, మీ ఏర్పాటు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను.”

మళ్ళీ బల్లంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఒక్కసారి కిటికీ వైపు తిరిగి చూస్తే సరిపోయేది. మామగారి మొహం చూస్తే నాకు అర్థమైపోయేది. నేను తిరగలేదు. గొంతు పెంచి చదివాను. ఒక వరస అయ్యాక ఇంకో వరస ఎత్తుకున్నాను. మధ్యలో యజమాని భోంచేసి వచ్చి నా పక్కనే నిలబడ్డారు. కాసేపు విని, తల ఊపి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మా భోజనాల వేళకి మగ్గం ఆగాక నన్ను పిలిచారు.

“మేస్త్రీ గారూ, మీ మామగారు వచ్చారటండి. మీ ఇంట్లోవాళ్ళకి ఆసుపత్రిలో కాస్త ఇబ్బందిగా ఉందట. మీరు ఒకసారి వెళ్ళి చూడాలేమో.”

“ఎప్పుడొచ్చారండీ?”

“చాలాసేపైందండి. నేను భోజనానికి లేవకముందే కాపలావాడు చెప్పాడు. మీరు మంచి ఊపులో చదువుతున్నారు కదా, మధ్యలో ఎందుకని...”

ఆ మనిషి నా భార్య ప్రాణం సంగతి కడుపులో పెట్టుకుని అన్నం తిన్నాడు. అదే కడుపుతో వచ్చి నా పక్కన నిలబడి నా పాట విన్నాడు. తివాచీ మీద గులాబీ సరిగ్గా వస్తోందా లేదా అని చూశాడు. అయినా ఆయన మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యను? పద్ధతి ప్రకారమే చేశాడు. ఆ పద్ధతి నాది.

నేను మాట్లాడకుండా బయటికి పరిగెత్తాను. మామగారు మెట్టు మీద నుంచి లేచారు. కూర్చుని కూర్చుని ఆయనకి కాళ్ళు పట్టేశాయి. జట్కా దొరికే దాకా ఆగలేక, వంతెన మీద ఆయన్ని వెనక వదిలేసి నేను ముందు పరిగెత్తాను.

డాక్టరమ్మ “ఇంతసేపా అండీ?” అని మాత్రం అన్నారు. నా భార్య బల్ల మీద ఉంది. పెదవులు కొరుక్కుని రక్తం వచ్చింది. నన్ను చూసి ఏడవలేదు.

“కోసేది నన్ను. నేను చెయ్యండి చెయ్యండి అని మొత్తుకుంటున్నా. నా మాట చాలదట. మిమ్మల్ని అడగాలట” అంది.

ఆ కోపం కూడా నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. ఆసుపత్రిలో ఆమెకి నేను, కార్ఖానాలో నాకు యజమాని. ప్రాణం పోయేది ఎవరిదో వాళ్ళు తప్ప మిగిలిన అందరూ ఒప్పుకోవాలి.

నేను ఒప్పుకున్నాను. తలుపు వేశారు. చాలాసేపటికి తీశారు. తల్లి బతికింది, ఇంకా మత్తులో ఉంది. ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది.

“ముందే వచ్చి ఉంటే దక్కేదా అండీ?” అని డాక్టరమ్మని అడిగాను.

“చెప్పలేను. నిజంగా చెప్పలేను” అన్నారు. ఆమె కనీసం అబద్ధం ఆడలేదు.

బిడ్డని కడిగి, గుడ్డలో చుట్టి ఇస్తామని నర్సు చెప్పి లోపలికి వెళ్ళింది. “పొద్దు వాలకముందే మట్టి చెయ్యాలి అల్లుడు గారూ” అన్నారు మామగారు. మేమిద్దరం వరండాలో నిలబడి ఎదురుచూస్తున్నాం. అప్పుడు వచ్చాడు మా కాపలావాడు. చెప్పులు మెట్ల కింద విడిచి, వినయంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యగారు మిమ్మల్ని ఒక్కసారి వచ్చి చెప్పి వెళ్ళమన్నారండి.”

“ఏం చెప్పాలి?”

“రేపు వస్తారో రారో, రాకపోతే ఎన్నాళ్ళు రారో. ఇందాక ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారట కదండీ. నేను కనుక్కొస్తానన్నానండి. ఒప్పుకోలేదు. మేస్త్రీ గారే పెట్టిన పద్ధతి, ఎవరి నోటితో వాళ్ళే చెప్పుకోవాలన్నారండి.”

“నాకు బిడ్డ పోయిందయ్యా.”

అతను బిత్తరపోయాడు. “అయ్యో, అయ్యో... నాకు తెలీదండి” అన్నాడు. వెళ్ళలేదు. “మీరు రాకపోతే నన్ను మళ్ళీ పంపిస్తారండి” అన్నాడు చివరికి.

ఇక్కడ నేను ఏమని ఉంటే బాగుండేదో ఇన్నేళ్ళలో ఎన్నో విధాలుగా అనుకున్నాను. మీ అయ్యగారినే వచ్చి అడగమను అని ఉండొచ్చు. రాను, పో అని ఉండొచ్చు. ఏమీ అనకుండా వీపు తిప్పుకున్నా చాలేది. నేను మామగారి వైపు చూశాను. ఆయన, ఎప్పటిలాగే, “వెళ్ళి రండి అల్లుడు గారూ. అన్నం పెట్టే చోటు కదా. ఇక్కడ నేనున్నాను” అన్నారు. ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను అనుకున్నాను. చెప్పులు తొడుక్కుని కాపలావాడి వెంట నడిచాను.

యజమాని నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమన్నది లేదు. సోడా తెప్పించారు.

“ఎంత పని జరిగిందండీ! మీరు చెప్పకుండా వెళ్ళారని నేనేమీ అనుకోలేదు సుమండీ. కాకపోతే రేపు పొద్దున్న మగ్గం సంగతి ఉంది కదా.”

“కొన్నాళ్ళు రాలేనండి.”

“తప్పకుండానండి. అస్సలు రాకండి. మీ బదులు ఆ కొల్లేటికోట అతన్ని చదవమందాం. అక్షరాలు వచ్చు కదా. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి అతనికి ఆ మూల మలుపు చూపించి వెళ్ళండి.”

నేను మగ్గం దగ్గరికి వెళ్ళి నమూనా తీసుకున్నాను. చదివేవాడు లేక ఉన్ని సర్దుకుంటున్న మిగతావాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు. కొల్లేటికోట మనిషి నా చేతిలోంచి నమూనా లాక్కున్నంత పని చేశాడు.

“మీరు వెళ్ళండి మేస్త్రీ గారూ.”

“ఈ మూలన తీగ కాడకి రంగు మారుతుంది, చూసుకో...”

“చూసుకుంటాను. మారకపోతే మారకుండానే పోతుంది. వెళ్ళండి, మీకు దణ్ణం పెడతాను. మొన్న మా అమ్మ కోసం నేను మిమ్మల్ని అడిగి లేచానా?”

నేను కదల్లేదు. తీగ ఎక్కడ తిరుగుతుందో, ఆకు ఎక్కడ చీలుతుందో, లేతపచ్చ ఎక్కడ మొదలవుతుందో అతనికి చెబుతూ పోయాను. ఎందుకు చెప్పానో తెలియదు. చేతిలోకి కాగితం రాగానే చేసే పని ఒక్కటే నాకు వచ్చు. కొంతసేపటికి బల్ల దగ్గర ఎవరూ కదలడం లేదని గమనించాను. అందరూ నా వంక వింతగా చూస్తున్నారు. అప్పుడు నా గొంతు నాకే వినిపించింది. నేను రాగం తీసి చదువుతున్నాను.

కాగితం అక్కడ పడేసి పరిగెత్తాను. కాలవలో నీళ్ళ మీద ఎర్రటి ఎండ పడుతోంది. ఆసుపత్రి వరండాలో అత్తగారు ఒక్కరే ఉన్నారు. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామగారు, ఆసుపత్రి ఎదురు వీధి మసీదు దగ్గరి మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి బిడ్డని తీసుకుని వెళ్ళిపోయారు. ఖబరస్తాన్ ఎటో నాకు తెలుసు. సగం దారిలో వాళ్ళు తిరిగి వస్తూ ఎదురయ్యారు. మామగారి చేతులకి మట్టి ఉంది.

“మీ కోసం చూశామండి. పొద్దు వాలిపోతోందని...” అని ఆయన నాకే సంజాయిషీ చెప్పుకున్నారు.

నా భార్యకి పూర్తిగా తెలివి వచ్చేసరికి దీపాలు పెట్టారు. బిడ్డ సంగతి వాళ్ళమ్మ చెప్పింది. ఆమె నా వైపు తిరిగి, “ఎలా ఉంది? ఎవరి పోలిక?” అని అడిగింది.

ఆమె బిడ్డ మొహం చూడకపోవడానికి కారణం మత్తుమందు. నేను చూడకపోవడానికి కారణం, రేపు పనికి రానని చెప్పడానికి వెళ్ళడం. మామగారే అందుకుని, “బాగుందమ్మా, చక్కగా ఉంది” అన్నారు. అంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేము గుచ్చి అడగలేదు.

సెలవు అయ్యాక నేను తిరిగి పనికి వెళ్ళాను. మొదటిరోజే చదివాను. గొంతు వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు. ఆ సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్ళి ఆ పద్ధతి తీసెయ్యమని అడిగాను.

“అది మీరు పెట్టిందే కదండీ” అన్నారాయన ఆశ్చర్యంగా. “ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. ఎందుకు మార్చడం?”

కొన్నాళ్ళకి ఒక నేతగాడి అక్క, చంకలో కాలిన బిడ్డతో గేటు దగ్గరికి వచ్చింది. ఈసారి నేను కిటికీ వైపే తిరిగి నిలబడి ఉన్నాను. వరస మధ్యలో చదవడం ఆపి, “నీ కోసమేనయ్యా, లే” అన్నాను. అతను లేచాడు. మగ్గం ఆగింది. ఇదేదో గొప్ప పని చేశానని చెప్పుకోవడం లేదు. చెయ్యాల్సిన రోజు చెయ్యనివాడు ఇంకో రోజు చేస్తే అది అతని బిడ్డకి చేరదు. యజమాని అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆ వారం చివర నన్ను పిలిచి, “మీ గొంతు బాగా అలసిపోయినట్టుందండి. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి” అన్నారు. అంత మర్యాదగా నా ఉద్యోగం పోయింది.

నేను తాడేపల్లిగూడెం చేరి మామగారి దగ్గర తిత్తి ఊదే పనికి కుదురుకున్నాను. ఒకరోజు ఏదో వీధిలో, ఒక గిన్నె అయిపోయి ఇంకొకటి రాకముందు, చాలా కాలంగా మనసులో మెదులుతున్నది అడిగేశాను. అడగడంలో కోపం కూడా ఉంది.

“ఇంత గొంతున్న మనిషి, ఆ రోజు గేటు దగ్గర నుంచి ఒక్క కేక వెయ్యలేకపోయారా అండీ?”

ఆయన బొగ్గులు ఒక్కొక్కటే సర్దారు.

“వేద్దామని నోటి దాకా వచ్చిందండి. లోపల్నుంచి మీ గొంతు వినబడుతోంది. అల్లుడు గారు పనిచేసే చోట వీధిలో అరిచినట్టు అరిస్తే మీకు నామోషీ కదా అనుకున్నాను. పైగా ఎంత బాగా చదువుతున్నారో. ఇదైపోతే వస్తారు, ఇదైపోతే వస్తారు అనుకుంటూ కూర్చున్నాను.”

ఆయన లేచి, సంచి భుజానికి తగిలించుకుని, పక్క వీధి మొదట్లో నిలబడి తల పైకెత్తారు. “కళాయండీ... కళాయి!” అని కేక వేశారు. వీధి చివరింటి తలుపు తెరుచుకుంది.